వ్యాపార చరిత్ర ఒక సబ్జెక్టుగా ఎలా నిలబడింది? కంపెనీ గురించి రాస్తే చరిత్ర అవుతుందా?

విద్యార్థిని27 | సోమవారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. చరిత్రలో ఎం.ఏ. అయింది, పీహెచ్‌డీకి తయారవుతున్నాను. ఒక తయారీ సంస్థ వందేళ్ళలో ఎలా పెరిగింది, ఎక్కడ తడబడింది అన్న విషయం మీద పని చేయాలని కోరిక. సినాప్సిస్ రాసుకుని వెళ్తే మా విభాగంలో ఒక సీనియర్ ప్రొఫెసర్ "ఇది చరిత్ర కాదమ్మా, ప్రచారం. వాళ్ళ వార్షికోత్సవ సంచికలో వేసుకుంటారు" అన్నారు. ఎకనామిక్స్ వాళ్ళను అడిగితే ఒక్క సంస్థను చూసి ఏం తేలుస్తావు అన్నారు. మేనేజ్‌మెంట్ వాళ్ళేమో పాత సంగతులు ఎవరికి కావాలి, ఇప్పటి డేటా తీసుకురా అన్నారు. మూడు గుమ్మాలూ ఎక్కి దిగాను.

నిజంగా బాధేసింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. వ్యాపార చరిత్ర అనే సబ్జెక్టును ఎవరు, ఎప్పుడు మొదలుపెట్టారు? ఆర్థిక చరిత్రకూ దీనికీ తేడా ఏమిటి? కంపెనీ ఇచ్చిన కాగితాలతో, ఒక్కోసారి కంపెనీ ఇచ్చిన డబ్బుతో రాసినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? ఎంత పొడుగు జవాబైనా చదువుతాను, వివరంగా చెప్పండి.

కేస్‌స్టడీ | సోమవారం, ఉదయం 10:02

నేను బిజినెస్ స్కూల్లో పాఠం చెబుతాను కాబట్టి మీరు ఎక్కి దిగిన మూడో గుమ్మం మాదే. ముందు మా వాళ్ళ తరఫున క్షమించండి. అసలు ఈ సబ్జెక్టుకు మొదటి ప్రొఫెసర్ పదవి ఇచ్చింది ఒక బిజినెస్ స్కూలే.

1925లో బోస్టన్‌లో బిజినెస్ హిస్టారికల్ సొసైటీ ఏర్పడింది. పాత వ్యాపార సంస్థల కాగితాలు చిత్తుకాగితాల పాలు కాకుండా పోగుచేసి హార్వర్డ్ బిజినెస్ స్కూల్ లైబ్రరీకి చేర్చడం దాని పని. అక్కడి డీన్ వాలస్ డోనమ్‌కు కేసుల ద్వారా, అంటే నిజంగా ఎదురైన ఒక్కో సందర్భాన్ని చర్చిస్తూ, పాఠం చెప్పే పద్ధతి మీద గట్టి నమ్మకం. పాతకాలపు వ్యాపారి తీసుకున్న నిర్ణయం కూడా ఒక కేసే కదా! 1927లో ఇసిడార్ స్ట్రాస్ పేరిట వ్యాపార చరిత్రకు ఆచార్య పీఠం పెట్టి ఎన్.ఎస్.బి. గ్రాస్‌ను కూర్చోబెట్టారు. ఈ సబ్జెక్టుకు ప్రపంచంలో అదే మొదటి పీఠం. 1926లో మొదలైన ఆ సొసైటీ బులెటిన్ 1954లో బిజినెస్ హిస్టరీ రివ్యూగా మారింది, ఇప్పటికీ వస్తోంది.

మీ రెండో ప్రశ్నకు ఆ రోజుల్లో జరిగిన గొడవే జవాబు. ఎడ్విన్ గే అనే ఆర్థిక చరిత్రకారుడు గ్రాస్‌కు గురువు, హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు మొదటి డీన్ కూడా. గురుశిష్యులిద్దరూ కలిసి 1928లో ఒక పత్రిక పెట్టారు. ధరలు, కూలీ రేట్లు, వర్తకం, జనాభా, అన్నీ కలిపిన విశాలమైన చరిత్ర కావాలని గే పట్టు. సంస్థ లోపలికి వెళ్ళి దాన్ని నడిపినవాళ్ళు ఏం ఆలోచించారో, ఎలా నిర్వహించారో చూడాలని గ్రాస్ పట్టు. ఇద్దరికీ పొసగలేదు. 1932కల్లా పత్రిక ఆగిపోయింది. నూలు ధర ఎందుకు పడింది అని అడిగితే ఆర్థిక చరిత్ర. ధర పడుతున్న ఆ ఏడాదే ఒక మిల్లు యజమాని అప్పుచేసి మరీ కొత్త యంత్రాలు ఎందుకు కొన్నాడు అని అడిగితే వ్యాపార చరిత్ర. రెండో ప్రశ్నకు జవాబు ఆ మిల్లు బీరువా తెరిస్తేనే దొరుకుతుంది.

ఈ తొలినాళ్ళ కథలో హెన్రియెట్టా లార్సన్ పేరు తరచుగా మరిచిపోతారు. గ్రాస్‌తో కలిసి 1939లో ఈ సబ్జెక్టుకు పాఠ్యపుస్తకం తయారుచేసింది ఆవిడే. ఎక్కడ ఏ ఆధారాలున్నాయో చెప్పే పెద్ద మార్గదర్శిని 1948లో తెచ్చింది కూడా ఆవిడే.

పాతకాగితం | సోమవారం, ఉదయం 11:40

కేస్‌స్టడీ గారు చెప్పినవన్నీ నిజమే. నేను రికార్డు రూముల్లో బతికిన మనిషిని కాబట్టి కథను ఇంకాస్త వెనక నుంచి చెబుతాను. పీఠాలకు ముందే బీరువాలు ఉన్నాయి.

జర్మనీలో క్రుప్ ఉక్కు కంపెనీ 1905లోనే సొంత ఆర్కైవ్ పెట్టుకుంది. 1907లో సీమెన్స్ పెట్టింది. ఆ మధ్యలో 1906లో కొలోన్ నగరంలో ఇంకో మంచి పని జరిగింది. ఒక్క కంపెనీకి కాకుండా ఆ ప్రాంతంలోని వ్యాపారాలన్నిటి కాగితాలనూ దాచడానికి ఉమ్మడి ఆర్కైవ్ తెరిచారు. సంస్థ మూతబడ్డా దాని కాగితాలకు ఒక చిరునామా మిగలాలన్న ఈ ఆలోచన నాకు చాలా గొప్పగా తోస్తుంది. బ్రిటన్‌లో ఇలాంటి పని కోసం బిజినెస్ ఆర్కైవ్స్ కౌన్సిల్ 1934లో వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే ఇటలీలోని ప్రాటో. ఫ్రాంచెస్కో దాతీని అనే వర్తకుడు 1410లో చనిపోయాడు. ఆస్తిలో ఎక్కువ భాగం పేదల కోసం రాసిచ్చాడు. తన కాగితాలు మాత్రం తన ఇంట్లోనే జాగ్రత్తగా ఉంచమన్నాడు. నాలుగున్నర శతాబ్దాలు అవి ఎవరికీ పట్టలేదు. 1870లో బయటపడ్డాయి. దాదాపు లక్షన్నర ఉత్తరాలు, వందలకొద్దీ పద్దు పుస్తకాలు! అవిన్యోన్, బార్సిలోనా, ఫ్లారెన్స్ శాఖల నుంచి మనుషులు రాసుకున్న రోజువారీ మాటలు. కొన్ని పద్దు పుస్తకాల మొదటి పేజీలో "దేవుడి పేరిట, లాభం పేరిట" అని ఉంటుంది. ఆ ఒక్క వాక్యం మీద ఎంత ఆలోచించవచ్చో చూడండి.

కాబట్టి మీ ప్రొఫెసర్ గారితో "ప్రచారమా, చరిత్రా" అని వాదనకు దిగకండి. ఏ కాగితాలు ఉన్నాయో జాబితా చేసుకుని తీసుకెళ్ళి ముందు పెట్టండి.

చిట్టా_ఆవర్జా | సోమవారం, మధ్యాహ్నం 1:25

ముప్పై రెండేళ్ళు ఆడిటర్‌గా పనిచేశాను. ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను.

పాతకాగితం గారు ఇటలీ అన్నారు కాబట్టి ఫ్లారెన్స్ నగరంలో మెదీచీ కుటుంబం నడిపిన బ్యాంకు సంగతి చెప్పాలి. ఆ బ్యాంకు చరిత్రను సరిగా రాసిన రేమండ్ డి రూవర్ మొదట్లో బెల్జియంలో అకౌంటెంట్‌గా పనిచేసినవాడు. భార్య ఫ్లారెన్స్ ఎడ్లర్ కూడా చరిత్రకారిణే. 1950లో ఫ్లారెన్స్ నగర ఆర్కైవ్‌లో మెదీచీల రహస్య పద్దు పుస్తకాలు ఆమె కంట పడ్డాయి. భాగస్థుల పెట్టుబడి ఎంత, ఏ శాఖ లాభం ఎంత, ఎవరి వాటా ఎంత, అన్నీ 1397 నుంచి 1450 వరకు అందులో ఉన్నాయి. అప్పటిదాకా మెదీచీలంటే కళలు, రాజకీయాలు. ఆ పుస్తకాలు చదివాక రానిబాకీల కోసం ముందే సొమ్ము పక్కన పెట్టిన తెలివైన వ్యాపారులు కనిపించారు. తరవాతి తరంలో రాజులకు, ప్రభువులకు అప్పులిచ్చి శాఖలు ఎలా మునిగాయో కూడా కనిపించింది. 1494లో కుటుంబాన్ని నగరం నుంచి వెళ్ళగొట్టేనాటికే బ్యాంకు లోపల డొల్లైపోయి ఉంది.

అమ్మా, నీకు ఒకటే మాట. జమాఖర్చులు చదవడం నేర్చుకో. చరిత్ర విద్యార్థులు ఉత్తరాలు చదివి, లెక్కల పుస్తకం రాగానే పేజీ తిప్పేస్తారు. ఉత్తరంలో మనిషి తనకు కావలసినట్టు రాసుకోవచ్చు. పద్దులో అబద్ధం రాస్తే దానికి సరిపడా ఇంకో అబద్ధం ఇంకోచోట రాయాలి, అది ఎక్కడో పొక్కుతుంది.

విద్యార్థిని27 | సోమవారం, సాయంత్రం 6:48

కళ్ళు తిరిగాయండి, సంతోషంతో. ఒక్కరోజులో ఇంత నేర్చుకుంటానని అనుకోలేదు. చిట్టా_ఆవర్జా గారూ, రేపటి నుంచే అకౌంట్స్ మొదలుపెడతాను.

చాండ్లర్ అనే చరిత్రకారుడి పేరు ప్రతిచోటా కనిపిస్తోంది. ఆయన లేకపోతే ఈ సబ్జెక్టే లేదన్నట్టు కొందరు, ఆయన వల్లే ఇరుకైపోయిందని కొందరు రాశారు. ఏది నిజం?

కేస్‌స్టడీ | సోమవారం, రాత్రి 9:30

రెండూ నిజమే. కొంచెం ఓపిగ్గా చెబుతాను.

చాండ్లర్‌కు ముందు ఈ సబ్జెక్టు ఒక్కో సంస్థకు ఒక్కో పుస్తకం అన్నట్టు నడిచింది. పుస్తకాలు పెరిగాయి, వాటన్నిటినీ కలిపే ప్రశ్న మాత్రం లేదు. 1948లో ఆర్థర్ కోల్ హార్వర్డ్‌లో వ్యవస్థాపకుల చరిత్ర మీద పరిశోధన కేంద్రం పెట్టాడు. షుంపేటర్ లాంటి ఆర్థికవేత్త, సమాజశాస్త్రం వాళ్ళు, చరిత్రకారులు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. పదేళ్ళే నడిచింది కానీ, అక్కడ తిరిగిన కుర్రాళ్ళలో ఆల్‌ఫ్రెడ్ చాండ్లర్ ఒకడు. ఆయన పీహెచ్‌డీ తన ముత్తాత హెన్రీ వార్నమ్ పూర్ మీద. రైల్వే కంపెనీల లెక్కలు విశ్లేషించి పత్రికలో రాసిన మనిషి ఆ ముత్తాత. అంటే ఇక్కడా కథ ఇంట్లో దొరికిన కాగితాలతోనే మొదలు.

1962 పుస్తకంలో ఆయన నాలుగు సంస్థలను పక్కపక్కన పెట్టాడు. డ్యూపాంట్, జనరల్ మోటార్స్, న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్, సియర్స్. డ్యూపాంట్ సంగతే తీసుకోండి. మొదటి ప్రపంచయుద్ధంలో మందుగుండు అమ్మి విపరీతంగా పెరిగింది. యుద్ధం అయ్యాక ఆ ఫ్యాక్టరీలనూ ఇంజినీర్లనూ ఖాళీగా ఉంచలేక రంగులు, రసాయనాల్లోకి దిగింది. రంగుల అమ్మకం పెరిగేకొద్దీ నష్టం పెరిగింది! అదే సరుకు అమ్మే చిన్న కంపెనీలు మాత్రం లాభాల్లో ఉన్నాయి. లోపం సరుకులో లేదు, ఆఫీసు అమరికలో ఉంది. మందుగుండు టన్నుల్లో అమ్మడానికి కట్టుకున్న యంత్రాంగంతో డబ్బాల్లో రంగు అమ్మాలని చూశారు. చివరికి 1921లో ఒక్కో సరుకుకు ఒక్కో విభాగం పెట్టి, దాని లాభనష్టాలు దానికే అప్పగించారు. పెద్ద సంస్థలన్నీ ఎందుకు ఇలా విడిపడ్డాయి అన్న ఉమ్మడి ప్రశ్న ఈ పుస్తకంతో సబ్జెక్టుకు దొరికింది.

1977లో వచ్చిన పుస్తకం ఇంకా పెద్దది. దానికి మరుసటేడు పులిట్జర్ బహుమతి వచ్చింది. అందులో నాకు బాగా గుర్తుండిపోయిన ఘట్టం 1841 అక్టోబరు 5న వెస్టర్న్ రైల్‌రోడ్ మీద రెండు రైళ్ళు ఎదురెదురుగా ఢీకొనడం. ఇద్దరు చనిపోయారు. ఎవరు ఎవరికి ఆదేశం ఇవ్వాలి, ఎవరిది బాధ్యత అన్నది అప్పటిదాకా కాగితం మీద లేదు. ఆ ప్రమాదం తరవాత కంపెనీ అన్ని స్థాయిలకూ పనులు విడగొట్టి రాసుకుంది. జీతానికి పనిచేసే మేనేజర్ అనే కొత్త మనిషి ఇలాంటి అవసరాల్లోంచి పుట్టాడని చాండ్లర్ వాదన. సరుకు ఎక్కడికి, ఎంత వెళ్ళాలో బజారు తేల్చే చోట ఇక మేనేజరు తేల్చడం మొదలైందన్నాడు.

ఇరుకు ఎక్కడొచ్చిందంటే, పెద్ద సంస్థే గెలుపు అన్నట్టు చదివారు. చిన్న వర్క్‌షాపులు, రకరకాల సరుకు కొద్దికొద్దిగా చేసే పరిశ్రమలు వెనకబడినవి అన్న ముద్ర పడింది. చార్లెస్ సేబెల్, జోనథన్ జైట్లిన్ 1985లో దీన్ని ఎదిరించారు. ఫిలిప్ స్క్రాంటన్ అయితే అమెరికా పరిశ్రమలో సగం కథ ఈ చిన్న, నాణ్యమైన తయారీదే అని జీవితమంతా చూపించాడు.

రెండో_షిఫ్టు | మంగళవారం, ఉదయం 7:15

కేస్‌స్టడీ గారూ, మీ పోస్టు శ్రద్ధగా చదివాను. ఇరవై ఏళ్ళు మెషిన్ ముందు నిలబడి, తరవాత చదువుకుని కార్మిక చరిత్రలోకి వచ్చినవాణ్ణి. కోపంతో కాదు, పట్టింపుతో రాస్తున్నాను.

చాండ్లర్ పుస్తకాల్లో వేల మంది పనివాళ్ళున్న ఫ్యాక్టరీలు ఉన్నాయి, ఆ పనివాళ్ళు లేరు. సమ్మె లేదు. ఆడవాళ్ళు లేరు. ప్రభుత్వం ఎక్కడో దూరంగా ఉంటుంది. ఎందుకు? ఆయన చూసిన బీరువాలో అవి లేవు. బోర్డు గది కాగితాలు చదివితే బోర్డు గది కనిపిస్తుంది.

కంపెనీ బీరువా బయట నిలబడి కూడా కంపెనీ చరిత్ర రాయొచ్చని ఐడా టార్బెల్ 1904లోనే చూపించింది. కోర్టు సాక్ష్యాలు, చట్టసభ విచారణ నివేదికలు, నష్టపోయిన చిన్న వ్యాపారుల మాటలు తిరగేసి స్టాండర్డ్ ఆయిల్ చరిత్ర రాసింది. ఆవిడ ప్రొఫెసర్ కాదు, పత్రికా విలేఖరి. 1911లో సుప్రీంకోర్టు ఆ కంపెనీని ముక్కలు చేయమంది. మొదటి పీఠానికి పదహారేళ్ళ ముందు మాట ఇది. సబ్జెక్టు పుట్టుక చెప్పేటప్పుడు ఆవిడను వదిలేయడం న్యాయం కాదు.

ఇంకొకటి. ఎరిక్ విలియమ్స్ 1944లో బానిసల వ్యాపారానికీ బ్రిటన్ పెట్టుబడికీ ఉన్న ముడిని బయటపెట్టాడు. చాలాకాలం దాన్ని వ్యాపార చరిత్ర లెక్కలోకే తీసుకోలేదు. బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు రెండు కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చింది, యజమానులకు! బానిసలకు పైసా లేదు. ఆ డబ్బు ఎవరెవరికి వెళ్ళిందో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు ఒక్కో పేరూ వెతికి 2013లో అందరికీ తెరిచిపెట్టారు. కైట్లిన్ రోసెంతాల్ 2018లో తోటల యజమానుల పద్దు పుస్తకాలు చదివింది. మనుషులకు ఏటా ధర కట్టి, పెరిగిన విలువ, తరిగిన విలువ రాసుకున్నారు. చిట్టా_ఆవర్జా గారు జమాఖర్చులు చదవమన్నారు చూడండి, అది ఎంత అవసరమో నాకు ఆ పుస్తకంతో అర్థమైంది. ఫ్యాక్టరీలే ఆధునిక లెక్కల పద్ధతులకు పుట్టిల్లు అనుకునేవాళ్ళం. కొరడా ఉన్నచోట కూడా ఆ లెక్కలు అంతే పకడ్బందీగా నడిచాయి.

చిట్టా_ఆవర్జా | మంగళవారం, ఉదయం 8:50

రెండో_షిఫ్టు గారూ, మీ చివరి మాటలు చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. తరుగుదల పద్దు నా చేత్తో వేల సార్లు రాశాను. మనిషి పేరు ఎదురుగా ఆ పద్దు రాసిన చెయ్యి కూడా ఒక గుమాస్తాదే కదా.

పాతకాగితం | మంగళవారం, ఉదయం 11:05

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం విద్యార్థిని గారూ. కంపెనీ డబ్బిచ్చి రాయించుకున్నది నమ్మొచ్చా?

రెండు ఉదాహరణలు పెడతాను. యూనిలీవర్ తన చరిత్రను కేంబ్రిడ్జ్ చరిత్రకారుడు చార్లెస్ విల్సన్ చేత రాయించింది. 1954లో రెండు సంపుటాలు వచ్చాయి. కాగితాలన్నీ చూడనిచ్చారు, రచయిత విశ్వవిద్యాలయం మనిషి. బ్రిటన్‌లో కంపెనీ చరిత్రను పండితులు తీవ్రంగా తీసుకోవడం అక్కడి నుంచే అని చెబుతారు. నాలుగేళ్ళకు బిజినెస్ హిస్టరీ అనే పత్రిక మొదలైంది. 1978లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో దీనికే ఒక ప్రత్యేక కేంద్రం వచ్చింది.

రెండోది జర్మనీ. యుద్ధం అయ్యాక ఎన్నో ఏళ్ళపాటు అక్కడి కంపెనీల చరిత్ర పుస్తకాలు 1933 నుంచి 1945 దాకా ఉన్న పేజీలను గబగబా తిప్పేసేవి. 1980ల నుంచి ఒత్తిడి పెరిగింది. ఫోక్స్‌వ్యాగన్ తన నాజీ కాలపు చరిత్రను హాన్స్ మోమ్‌సెన్ అనే చరిత్రకారుడికి అప్పగించింది. 1996లో ఆయన సహచరుడితో కలిసి తెచ్చిన పెద్ద గ్రంథంలో నిర్బంధ కూలీల సంగతి దాచకుండా ఉంది. 1995లో డాయిష్ బ్యాంకు చరిత్రను బయటి చరిత్రకారుల బృందం రాసింది. తరవాత 2000లో ప్రభుత్వం, పరిశ్రమలు చెరిసగం వేసుకుని వెయ్యి కోట్ల మార్కులతో ఒక నిధి పెట్టారు. అప్పటికి బతికున్న నిర్బంధ కూలీల్లో 16 లక్షలకు పైగా మందికి దాని నుంచి సొమ్ము అందింది. కంపెనీ తలుపు ఎంత తెరుచుకుందన్న దాని మీద ఒక ముసలి మనిషికి న్యాయం దక్కడం ఆధారపడింది. చరిత్ర విభాగాల్లో ఇంత బరువు మోసిన సబ్జెక్టులు చాలా కొద్ది.

నా స్వానుభవం కూడా చెబుతాను. ఒక సంస్థ నన్ను తన పాత కాగితాలు సర్దడానికి పిలిచింది. వార్షికోత్సవ పుస్తకం కోసం. సర్దుతుంటే ఒక ప్రమాదం తాలూకు విచారణ ఫైలు దొరికింది. సంతోషంగా తీసుకెళ్ళి చూపిస్తే, ఆ ఫైలు మర్నాటికి బల్ల మీద లేదు. పుస్తకం అందంగా వచ్చింది, ఫోటోలు బాగున్నాయి. ఆ ప్రమాదం అందులో లేదు. డబ్బు ఎవరిచ్చారని అడగడం కన్నా, ఏ కాగితం చూడనివ్వలేదు, అచ్చుకు ముందు ఎవరి సంతకం కావాలి అని అడగడం మేలని అప్పుడు తెలిసింది.

పొగగొట్టం | మంగళవారం, మధ్యాహ్నం 3:20

అందరూ కాగితాల గురించే మాట్లాడుతున్నారు. ఇనుము, ఇటుక మాట ఎవరూ ఎత్తలేదు!

పారిశ్రామిక పురావస్తు శాస్త్రం అనే మాటను 1955లో మైకేల్ రిక్స్ అనే ఆయన ఒక వ్యాసంతో జనంలోకి తెచ్చాడు. ఆయన పెద్ద విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు, పెద్దలకు సాయంత్రం క్లాసులు చెప్పే మనిషి. లండన్‌లో 1837 నాటి యూస్టన్ స్టేషన్ ముఖద్వారాన్ని 1961, 62ల్లో కూల్చేశాక జనంలో కదలిక వచ్చింది. గుడులు, కోటలే కాదు, స్టేషన్లు, కొలుములు కూడా వారసత్వమే అన్న ఆలోచన అక్కడ గట్టిపడింది. 1973లో ఇంగ్లండ్‌లోని ఐరన్‌బ్రిడ్జ్‌లో వివిధ దేశాలవాళ్ళు కలిసి మొదటి సమావేశం పెట్టుకున్నారు. ఆ ఐరన్‌బ్రిడ్జ్ లోయ 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

ఆ చోటికి పేరు తెచ్చిన ఇనుప వంతెన సంగతి చెప్పకుండా ఉండలేను. 1779లో పోత ఇనుముతో కట్టిన తొలి పెద్ద వంతెన. అంత ప్రసిద్ధమైనదాన్ని ఎలా నిలబెట్టారో రెండు వందల ఏళ్ళు ఎవరికీ తెలియలేదు. కంపెనీ కాగితాల్లో ఆ వివరం లేదు. 1997లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో ఒక చిత్రం బయటపడింది. ఇలియాస్ మార్టిన్ అనే చిత్రకారుడు వంతెన కడుతుండగా చూసి వేసిన నీటిరంగుల బొమ్మ. దాని ఆధారంగా 2001లో సగం సైజు నమూనా కట్టి చూశారు, నిలబడింది. ఇంకో విశేషం, ఆ ఇనుప ముక్కలను కలిపింది వడ్రంగం పద్ధతిలో. రంధ్రం తొలిచి కుసి దూర్చడం, చీలలు కొట్టడం. కొత్త లోహం చేతికొచ్చినా చెయ్యి పాత పనినే నమ్ముకుంది. ఈ సంగతి బోర్డు సమావేశాల్లో ఏమనుకున్నారో రాసే ఏ మినిట్స్ పుస్తకంలోనూ దొరకదు, వంతెన కింద నిలబడి తల పైకెత్తితే కనిపిస్తుంది.

కాబట్టి విద్యార్థిని గారూ, ఆ సంస్థ పాత షెడ్లలోకి ఒక్కసారైనా వెళ్ళండి. నేల ఎక్కడ అరిగిందో చూడండి.

కేస్‌స్టడీ | మంగళవారం, సాయంత్రం 5:45

పొగగొట్టం గారికి నమస్కారం, అద్భుతంగా చెప్పారు.

మిగతా దేశాల గురించి కొంచెం. జపాన్‌లో ప్రతి పేరున్న కంపెనీ తన చరిత్రను రాయించుకుంటుంది, దాన్ని షషి అంటారు. చాలావరకు అమ్మకానికి పెట్టరు, పంచుతారు. వేలల్లో ఉన్నాయి. అలాంటి నేల మీద 1964లో అక్కడి వ్యాపార చరిత్ర సంఘం పుట్టింది. 1974 నుంచి ఫుజి సదస్సుల పేరిట బయటి దేశాలవాళ్ళను పిలిచి దేశాల మధ్య పోలికలు చేశారు. ఇండియాలో ఐఐఎం అహ్మదాబాద్‌లో ద్విజేంద్ర త్రిపాఠి గారు దశాబ్దాల పాటు ఈ సబ్జెక్టును దాదాపు ఒంటిచేత్తో మోశారు. టాటాలు 1991లో ఆర్కైవ్ పెట్టారు. యూరప్‌లో వ్యాపార చరిత్ర సంఘం 1994లో వచ్చింది. బహుళజాతి సంస్థల చరిత్రను 1970 నుంచి మీరా విల్కిన్స్ కొత్త దారి పట్టించింది.

రెండో_షిఫ్టు | మంగళవారం, రాత్రి 10:10

అందరూ బతికిన కంపెనీల గురించే రాస్తారు. మునిగినవాటి సంగతి? అవే ఎక్కువ కదా. వాటికి ఆర్కైవ్ ఉండదు, వార్షికోత్సవం ఉండదు.

పాతకాగితం | బుధవారం, ఉదయం 6:30

ఇది ఈ సబ్జెక్టుకు ఉన్న అతిపెద్ద లోటు. దారులు లేకపోలేదు. దివాలా తీసిన సంస్థ కాగితాలు కోర్టులో మిగులుతాయి. అప్పు ఇవ్వొచ్చా లేదా అని ఊరూరా ఆరా తీసి రాసుకున్న పుస్తకాలు ఇంకో గని. 1841లో లూయిస్ టాపన్ న్యూయార్క్‌లో అలాంటి ఏజెన్సీ పెట్టాడు. తరవాత అది ఆర్.జి. డన్ కంపెనీ అయింది. ఆ పుస్తకాలు 2,500కు పైగా సంపుటాలు హార్వర్డ్‌లో ఉన్నాయి. చిన్న దుకాణాలు, విధవరాళ్ళు నడిపిన వ్యాపారాలు, రెండేళ్ళకే మూతబడ్డవి, అన్నీ అందులో ఉన్నాయి. ఆడవాళ్ళ వ్యాపారాల మీద, నల్లజాతి వ్యాపారుల మీద పరిశోధనకు ఆ రకం పుస్తకాలు ఎంతో ఉపయోగపడ్డాయి.

కొన్నిసార్లు కోర్టే బీరువా బద్దలుకొడుతుంది. 1998లో అమెరికా సిగరెట్ కంపెనీలు తమ మీద ఉన్న దావాలు ముగించుకోవడానికి చేసుకున్న ఒప్పందం వల్ల లోపలి పత్రాలు బయటికి వచ్చాయి, ఇప్పుడు కోటికి పైగా ఆన్‌లైన్లో చదవొచ్చు. ఎన్రాన్ అనే అమెరికా ఇంధన కంపెనీ కూలాక విచారణలో భాగంగా ఉద్యోగుల ఈమెయిళ్ళు దాదాపు 5 లక్షలు బయటపెట్టారు.

చిట్టా_ఆవర్జా | బుధవారం, ఉదయం 9:00

ఈమెయిల్ అన్నారు కాబట్టి నా టెన్షన్ చెప్పుకుంటాను. నేను ఆడిట్ చేసిన ఒక సంస్థలో అరవై ఏళ్ళ ఆవర్జాలు ఒక గదిలో ఉండేవి. చట్టం చెప్పిన గడువు దాటిపోయిందని ఒక సెలవు రోజున అన్నీ తగలబెట్టారు. కంప్యూటర్‌లోకి ఎక్కించాంగా అన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ మారి చాలా ఏళ్ళైంది, పాత టేపులు చదివే మెషిన్ వాళ్ళ దగ్గర లేదు. కాలిన పుస్తకాల్లో ఒకటి నేను ఉద్యోగంలో చేరిన ఏడాదిది. ఐదు వందల ఏళ్ళ నాటి మెదీచీల పద్దు చదవగలుగుతున్నాం, ఆ సంస్థ 1990ల లెక్క మాత్రం ఇక ఎవరూ చదవలేరు.

విద్యార్థిని27 | శుక్రవారం, సాయంత్రం 7:20

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. సినాప్సిస్ మార్చాను. వందేళ్ళ ప్రస్థానం అన్నది తీసేశాను. సంస్థ ఆవిరి యంత్రాల నుంచి కరెంటుకు మారిన పదేళ్ళు మాత్రమే తీసుకున్నాను. బోర్డు ఏం అనుకుంది, లెక్కల్లో ఏం కనిపిస్తోంది, షాప్ ఫ్లోర్ మీద పని ఎలా మారింది, మూడూ పక్కపక్కన పెడతాను. సీనియర్ ప్రొఫెసర్ గారు ఈసారి పూర్తిగా చదివి, "ఆధారాల జాబితా తెచ్చావు, బాగుంది" అన్నారు.

సంస్థవాళ్ళకు ఉత్తరం రాశాను. రమ్మన్నారు. అయితే ఆ పదేళ్ళలో నాలుగేళ్ళ మినిట్స్ పుస్తకాలు కనబడటం లేదన్నారు. ఎక్కడ పోయాయో తెలియదట. ఏం చేయాలి? ఒప్పందం ఏమైనా రాయించుకోవాలా?

పాతకాగితం | శుక్రవారం, రాత్రి 8:05

రాయించుకోండి, వెళ్ళేముందే. వాళ్ళు ఏరి ఇచ్చినవి కాకుండా మొత్తం జాబితా చూసి మీరే అడిగే వీలుండాలి. అచ్చుకు ముందు వాళ్ళు చదివి తప్పులు చెప్పొచ్చు, తీసేయమనకూడదు. మీరు తీసిన ఫోటో కాపీలు మీ దగ్గరే ఉండాలి.

రెండో_షిఫ్టు | శుక్రవారం, రాత్రి 8:40

ఆ నాలుగేళ్ళ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ నివేదికలు ప్రభుత్వ ఆర్కైవ్‌లో వెతకండి. అప్పటి దినపత్రికలు కూడా తిరగేయండి. అక్కడ పనిచేసినవాళ్ళ మనవళ్ళు ఎవరైనా దొరికితే నాకు చెప్పండి, మాటలు రికార్డు చేయడానికి నేను కూడా వస్తాను.

చిట్టా_ఆవర్జా | శుక్రవారం, రాత్రి 9:15

మినిట్స్ పోయినా జీతాల పుస్తకం ఉంటుందమ్మా, దాన్ని పారేయాలని ఎవరికీ తోచదు. ఆవిరి బాయిలర్ దగ్గర పనిచేసినవాళ్ళ పేర్లు ఏ నెల నుంచి ఆగిపోయాయో చూడు. కరెంటు వచ్చిన రోజు అదే. ఆ నాలుగేళ్ళ ఆడిటర్ రిపోర్టులు కూడా అడుగు. చదవడం కష్టమైతే ఫోటోలు ఇక్కడ పెట్టు, నేను చూస్తాను.

విద్యార్థిని27 | శుక్రవారం, రాత్రి 9:32

సోమవారం పొద్దున వెళ్తున్నానండి. ముందు జీతాల పుస్తకాలే అడుగుతాను.